అవ్వకు ఎడమ పక్కన

ఎమ్మిగనూరు,
మే 5.

బెంగళూరులో మెదళ్ళ బడి చదువుతున్న మా చెల్లెలు జ్యోత్స్నకు,

ఆదివారం చర్చిలో అందరికీ పంచగా మిగిలిన వందనాలు నీకు.

నువ్వు బస్సెక్కి వారం కాలేదు, నాయన అప్పుడే ఆదోనిలో జిన్నింగు మిల్లులో తన తోటి హమాలీలందరికీ చెప్పుకున్నాడు, "మా చిన్న పాప మెదడు డాక్టరు అయితాంది" అని. పదో తరగతి రాసిన పిల్లలకు ఎండాకాలం సెలవుల్లో నెల రోజులు మెదడు గురించి చెప్తారు, అంతే నాయనా అని నేనన్నా. "నీకెందుకే అంత కడుపుమంట?" అన్నాడు. ఉంది కాబట్టి మళ్ళీ మాట్లాడలేదు.

మీ ఫోన్లు తీసి బీరువాలో పెట్టినారని మీ స్కూలు సుబ్బన్న సార్ చెప్పినాడు. నెల రోజులు ఫోను లేకుంటే మీ నిద్ర, మీ ధ్యాస ఎట్లా మారతాయో మీ మీద మీరే చూసుకుంటారంట. ఉత్తరాలు రాయొచ్చంట. పోస్టాఫీసులో కవరు అడిగితే ఆడున్న మనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఏం ఉద్యోగానికమ్మా?" అన్నాడు. చెల్లెలికి అంటే నమ్మలేదు.

అవ్వ ఎప్పటి మాదిరే ఉండాది. పోయిన వినాయక చవితి నాడు పక్షవాతంతో పడిపోయిన ఎడమ చెయ్యి, ఎడమ కాలు అట్లే ఉండాయి. మంచం అట్లే ఉండాది, కుడి పక్క వాకిలి, ఎడమ పక్క పొయ్యి. నేను వాకిలి కాడ కూర్చుని కాలనీ పిల్లలకు ట్యూషను చెప్తుంటే నన్నే చూస్తా పండుకోనుంటాది. నా చేతి కూడు తప్ప ముట్టదు. నిన్న పక్కింటి తిమ్మక్క జాలిపడి జొన్నరొట్టె, బుడ్డల చట్నీ తెచ్చి పెడితే, "ఒట్టి రొట్టె పెడతావా, నేనేమన్నా కుక్కనా?" అనింది. చట్నీ పళ్ళెంలోనే ఉండాది, ఎడమ పక్క. నేను పోయి పళ్ళెం తిప్పినా. "చూడు, రూతమ్మ పెడితే చట్నీ ఉంటాది" అనింది. తిమ్మక్క మొహం చూడాల్సింది!

అమ్మ మిరపకాయల పని ముగించుకుని గుంటూరు నుంచి ఇంకా రాలేదు. వచ్చి మాత్రం ఏం చేస్తాది? అవ్వ అమ్మ చేతి నీళ్ళు కూడా తాగదు గదా. కోడలంటే అంత అలక ఎందుకో ఆ దేవునికే తెలియాల. పోయినేడు తిరుపతిలో నాకు ఎమ్మెస్సీ సీటు వస్తే, అవ్వకు నేను తప్ప వేరే చెయ్యి పనికిరాదని తెలిసే వదులుకున్నా. ఈసారి దరఖాస్తుకు నెలాఖరు గడువు. ఆ మాట నువ్వు గుర్తు చెయ్యొద్దు.

మెదడు చూపించినారా? చేతికి ఇచ్చినారా, దూరం నుంచి చూపించినారా? వివరంగా రాయి. రాయకపోయినా సరే.

మీ అక్క,
రూత్


బెంగళూరు,
మే 9.

అక్కా, ఒరిజినల్ అక్కా,

నీ ఉత్తరం మెస్సులో అందరి ముందర ఇచ్చినారు. మా రూములో ఉండే ముంబై అమ్మాయి కవరు పట్టుకుని వాసన చూసింది! తనకు ఎవరూ ఎప్పుడూ ఉత్తరం రాయలేదంట. నేను గొప్పగా చదువుకున్నా, మధ్యలో నవ్వుకుంటా. ఏం రాసినారని అడిగితే "మా అక్క తిట్టింది" అని చెప్పినా.

మెదడు చేతికి ఇచ్చినారక్కా! గొర్రె మెదడు. గ్లౌజులు, తెల్ల కోటు, మొహానికి మాస్కు. పట్టుకుంటే మన అమ్మ జున్ను వండుతుందే, అట్లా ఉంటాదనుకున్నా. మందులో నానబెట్టినారు కాబట్టి గట్టిగా రబ్బరు మాదిరి ఉంటాది. కుడి సగం ఎడమ చేతిని నడుపుతాది, ఎడమ సగం కుడి చేతిని. నువ్వు నాకు తొమ్మిదో తరగతిలోనే చెప్పినావు, గుర్తుందా? మేడం అడగగానే నేనే మొదట చెప్పినా.

ఈడ పిల్లలు ఇంగ్లీషులోనే నవ్వుతారు, ఇంగ్లీషులోనే తుమ్ముతారు. మొదటి మూడు రోజులు నాకు నోరు పెగల్లేదు. నాలుగో రోజు మేడం, "మీ ఇళ్ళల్లో ఎవరికైనా మెదడుకు దెబ్బ తగిలిందా? మీరేం గమనించినారు?" అని అడిగింది. నేను లేచి అవ్వ సంగతి చెప్పినా. సగం పళ్ళెమే తింటాదని, మా ఇంట్లో పళ్ళెం తిప్పి పెడతామని. నాకొచ్చిన ఇంగ్లీషులోనే. అందరూ చప్పట్లు కొట్టినారక్కా! మేడం బోర్డు మీద పళ్ళెం బొమ్మ గీసి, "ఇది చూడటానికి శాస్త్రవేత్త కళ్ళు కావాలి" అనింది. ఆ రోజు నుంచి అందరూ నా పక్కన కూర్చుంటాండారు.

మేడం అచ్చం నీ మాదిరే. చెప్పిందే చెప్పదు. తప్పు చెప్తే కోప్పడదు, అది ఒక్కటే తేడా.

గుర్తు చెయ్యొద్దన్నావు కాబట్టి దరఖాస్తు సంగతి అడగటం లేదు. పెట్టినావా?

నీ చెల్లెలు,
జ్యోత్స్న


ఎమ్మిగనూరు,
మే 13.

శాస్త్రవేత్త కళ్ళున్న జ్యోత్స్న గారికి,

వందనాలు. ఈసారి మిగల్లేదు, అయినా పంపుతాండాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే నేను మటన్ అంగడి హుసేన్‌సాబ్ కాడికి పోయినా. "అన్నా, భేజా పగలకుండా కావాల" అన్నా. "వేపుడుకేనా? పగిలితే ఏమి?" అన్నాడు. చదువుకు అంటే అంగడి ముందర ఉన్నోళ్ళందరూ నన్నే చూసినారు. ఇంటికి తెచ్చి, నా బీఎస్సీ పుస్తకం తెరిచి, అన్నం పళ్ళెంలో పెట్టి చూసినా. మూడేండ్లు చదివినా మాకు కాలేజీలో నిజం మెదడు చూపించలేదు, బోర్డు మీద సుద్దముక్కతో గీసిందే. మందులో నానని మెదడు గట్టిగా ఉండదు జ్యోత్స్నా, వేలు పెడితే జారిపోతాది. గ్లౌజులు లేవు నాకు. రెండు సగాలు విడదీసి, మధ్యలో తెల్లటి పట్టీ చూసినా. పుస్తకంలో ఉన్నట్టే ఉండాది. కొంచేపు నాకు ఎవరి మీదా కోపం లేదు.

తర్వాత ఉల్లిగడ్డ, కారం వేసి వేయించినా. అవ్వ కుడి సగం తినింది, పళ్ళెం తిప్పితే ఎడమ సగం తినింది. మీ చదువు మీది, మా చదువు కడుపులోకి పోతాది.

ఇప్పుడు అసలు మాట. "మా ఇంట్లో పళ్ళెం తిప్పి పెడతాము" అని చెప్పినావంట. ఎవరు తిప్పినారు? అవ్వ సగం అన్నం వదిలేస్తాంటే ముసలామెకు ఆకలి చచ్చిపోయిందని మీరందరూ అంటిరి. మిగిలిన సగం ఎప్పుడూ ఒకే పక్క మిగులుతాందని చూసింది ఎవరు? ఎడమ కంటికి చూపు తగ్గిందేమోనని కనిపెట్టింది ఎవరు? నేను. నీకు అప్పుడు సంక్రాంతి ముగ్గుల మీద ధ్యాస. నా కళ్ళను పీకి నీ మొహానికి పెట్టుకుని చప్పట్లు కొట్టించుకుంటివి. బోర్డు మీద నా పళ్ళెం బొమ్మ గీసినారు, కింద నీ పేరు.

నాకు సీటు వచ్చినప్పుడు ఎవరు చప్పట్లు కొట్టినారు? నాయన "ఎట్లా పోతావమ్మా, అవ్వకు ఎవరున్నారు" అన్నాడు. అంతే.

ఆ మేడం నా మాదిరి ఉంటాదంట. అయితే ఆమెనే అక్కా అని పిలుచుకో. కోప్పడని అక్క దొరికింది గదా.

రూత్


బెంగళూరు,
మే 14.

అక్కా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. రోజూ మెస్సు కాడ చూస్తాండాను. ముంబై అమ్మాయి కూడా చూస్తాంది, నీ తిట్లు తర్జుమా చేసి చెప్పమంటాది.

ఈ రోజు ఒక ఆట ఆడించినారు. కళ్ళకు ఒక రకం అద్దాలు పెడతారు. అవి పెట్టుకుంటే అన్నీ పక్కకు జరిగి కనపడతాయి. బంతి గుండ్రం మధ్యలోకి వెయ్యమంటే పక్కకు పోతాది. వేసి వేసి చెయ్యి నేర్చుకుంటాది, సరిగ్గా మధ్యలో పడతాది. అప్పుడు అద్దాలు తీసేస్తారు. అసలు తమాషా ఆడ ఉండాది. కళ్ళకు అంతా సరిగ్గా కనపడతాంది, చెయ్యి మాత్రం ఇంకా తప్పుగానే వేస్తాది! ఈసారి రెండో పక్కకు. నువ్వు చూసుంటే పొట్ట పట్టుకుని నవ్వేదానివి.

మేడంతో అవ్వ గురించి మళ్ళీ మాట్లాడినా. ఒక పెద్ద సంగతి తెలిసింది. కానీ ఇది ఉత్తరంలో ఎట్లా చెప్పాలో తెలియక మూడు సార్లు రాసి చించేసినా. తొందరగా రాయి. కోపంగా ఉండావా?

జ్యోత్స్న


బెంగళూరు,
మే 18.

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. ఈసారి ముంబై అమ్మాయికి చెప్పలేదు.

చిన్నప్పుడు కైరుప్పలలో పిడకల సమరం చూడటానికి అమ్మ మనల్ని తీసుకుపోయేది గదా, ఊరు రెండు జట్లయి ఒకళ్ళ మీద ఒకళ్ళు పిడకలు విసురుకుంటారు. దెబ్బ తగిలినోళ్ళు విబూతి పూసుకుని నవ్వుకుంటా ఇంటికి పోతారు. నీ ఉత్తరం తగిలినాక ఏం పూసుకోవాలో తెలియక బాత్రూములో కూర్చున్నా.

బోర్డు మీద పళ్ళెం కింద నా పేరు లేదు. "రూత్ పళ్ళెం" అని ఉండాది. చప్పట్లు అయినాక మేడం "నువ్వే కనిపెట్టినావా?" అని అడిగింది. "కాదు, మా అక్క" అని చెప్పినా. పేరు అడిగితే చెప్పినా. ఈడ పిల్లలు ఇప్పుడు భోజనం కాడ కూడా "రూత్ పళ్ళెం" అంటాండారు. నీకు నేరుగా వచ్చి చెప్పాలని దాచుకున్నా. అది నా తప్పు. దొంగతనం నా తప్పు కాదు.

ఇప్పుడు నా మాట కూడా విను. నీకు నా మీద కుళ్ళు. నాకు నీ మీద లేదనుకున్నావా? నేను బెంగళూరు బస్సుకు బయల్దేరేటప్పుడు బ్యాగు పట్టుకుని అవ్వ మంచం కాడికి పోయినా, "అవ్వా, పోయొస్తా" అన్నా. అవ్వ మొహం తిప్పుకునింది. నీ పక్కకు. "రూతమ్మా, ఎవరో పిలుస్తాండారు చూడు" అనింది. ఎవరో! నువ్వు నవ్వినావు. నేను ఆదోని దాటే దాకా ఏడ్చినా. ఎనిమిది నెలల నుంచి ఆ ఇంట్లో నేను, అమ్మ ఎవరో. నువ్వు ఒక్కదానివే మనవరాలివి.

ఇదే మేడంతో చెప్పినా. పళ్ళెం సంగతి వేరే, అలక సంగతి వేరే అనుకుని, ఊరికే బాధ కొద్దీ చెప్పినా. మేడం అడిగింది, "మీ అమ్మ మంచానికి ఏ పక్క ఉంటాది?" పొయ్యి పక్క, ఎడమ పక్క అన్నా. "అమ్మ పిలిస్తే అవ్వ ఏ పక్కకు చూస్తాది?" కుడి పక్కకు మేడం, అలిగి మొహం తిప్పుకుంటాది అన్నా. "అలిగి కాదు జ్యోత్స్నా" అనింది మేడం.

అవ్వ కంటికి ఏమీ కాలేదక్కా. మెదడు కుడి సగంలో దెబ్బ తగిలింది కాబట్టి ఎడమ పక్క అనేదే అవ్వకు లేదు. పళ్ళెంలో ఎడమ సగం ఎట్లా లేదో, ఇంట్లో ఎడమ సగం కూడా అట్లే లేదు. గొంతు వినపడుతుంది. మనిషిని వెతకాలంటే ఉన్న పక్కకే తిరుగుతాది, కుడి పక్కకు. ఆడ నువ్వుంటావు. ఆదోని డాక్టరు చెయ్యి, కాలు గురించే చెప్పినాడు, ఈ మాట మనకు ఎవరూ చెప్పలేదు. మనమేమో అత్తాకోడళ్ళ అలక అనుకున్నాం.

అమ్మ చట్నీ ఎప్పుడూ పళ్ళెంలో ఎడమ పక్కనే వేస్తాది. అవ్వ దృష్టిలో అమ్మ ఎనిమిది నెలల నుంచి ఒట్టి రొట్టె పెడతాండాది, కనపడకుండా.

నువ్వొక పని చెయ్యి. పొయ్యి పక్కకు పోయి, ఎడమ పక్క కూర్చో. ఏం జరుగుతుందో చూడు. అవ్వకు నీ చెయ్యే కావాలో, కుడి పక్క నుంచి వచ్చే ఏ చెయ్యయినా చాలో తెలుస్తాది. చాలునంటే అమ్మ పెడుతుంది, నువ్వు తిరుపతికి పోవచ్చు. నేను అవ్వ గురించి అంతగా అడిగింది చప్పట్ల కోసం కాదు.

జ్యోత్స్న


ఎమ్మిగనూరు,
మే 22.

జ్యోత్స్నకు,

కూర్చోను.

అమ్మ మొన్న వచ్చింది. ఎండకు నల్లగా మాడిపోయింది, వేళ్ళ సందుల్లో మిరప మంట ఇంకా పోలేదు. అవ్వకు నూలు చీర తెచ్చింది, నీలం రంగు, మెత్తనిది. చెప్పులు విప్పి నేరుగా పొయ్యి పక్కకు పోయి నిలబడి "అత్తా" అనింది. అవ్వ వాకిలి పక్కకు మొహం తిప్పి, "రూతమ్మా, మీ అమ్మ దానమ్మ గొంతు మాదిరి వినపడతాందే?" అనింది. అమ్మ ఇంకోసారి పిలిచింది. అవ్వ నన్నే చూస్తాంది. అమ్మ చీర మంచం మీద పెట్టింది, ఎడమ పక్కనే పెట్టింది, అది సాయంత్రం దాకా ఆడనే ఉండాది.

రొట్టెలు కాలుస్తా అమ్మ నాతో అనింది, "కోసిగి నుంచి కూలీల గుంపు జూన్లో బెంగళూరు పనికి పోతాందంట, నేనూ పోతా. నా మొహమే పడని మనిషి కాడ ఉండి ఏం చెయ్యాల?" నీ ఉత్తరం నా దిండు కింద ఉండాది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే విను. నీకు బెంగళూరు ఇచ్చినారు. తెల్ల కోటు ఇచ్చినారు. మెదడు చేతిలో పెట్టినారు. నాతో చదివినోళ్ళల్లో ఒకతి కర్నూలులో ఉండాది, ఒకతి హైదరాబాదులో ఉండాది, వాళ్ళ ఫోటోలు రోజూ చూస్తాండాను. నాకు మిగిలింది ఈ ముసలామె. ఆమె ఇంతమందిలో నన్ను ఏరుకునింది. సీటు పోయినా, "రూతమ్మ ఉంటేనే నాకు కూడు దిగుతాది" అని ఆమె అన్న ప్రతిసారీ, పోతే పోనీలే అనుకున్నా. ఇప్పుడు నువ్వు యాడనో కూర్చుని, ఉత్తరం మీద స్టాంపు అంటించి, "నిన్ను ఏరుకోలేదక్కా, నువ్వు కుడి పక్క కూర్చున్నావు అంతే" అని చెప్తాండావు. నా పళ్ళెం తీసుకున్నావు సరే, బోర్డు మీద నా పేరు రాయించినావు సరే, దానికి వందనాలు. అవ్వను కూడా తీసుకోవాలనా?

ప్రేమకు కుడి ఎడమ ఉంటాయని మీ మేడంకు ఎవరు చెప్పినారు?

దరఖాస్తు మాట మళ్ళీ ఎత్తితే ఉత్తరం చదవకుండా పొయ్యిలో వేస్తా. పొయ్యి ఎడమ పక్కనే ఉండాది, అవ్వకు కనపడదు గదా.

రూత్


బెంగళూరు,
మే 25.

అక్కా,

కార్డు రాస్తాండాను, కవరు అయితే పొయ్యిలో వేస్తావు. కార్డు వెయ్యాలన్నా ముందు కనపడుతుంది.

నాకూ నేను తప్పయితే బాగుండునని ఉండాది. నువ్వు ఎడమ పక్క కూర్చున్నప్పుడు కూడా అవ్వ నిన్ను చూస్తే, ఈడ అందరి ముందర లేచి నేను చెప్పింది తప్పని చెప్తా. అవ్వ నీదే.

ఒకసారి కూర్చో. నువ్వే గదా నాకు నేర్పింది, చూడకుండా చెప్పొద్దని.

జ్యోత్స్న


ఎమ్మిగనూరు,
మే 30.

జ్యోత్స్నా,

కార్డు పోస్టుమాను చదివి, ఆ తర్వాత తిమ్మక్క చదివి, చివరికి నాకిచ్చినారు. "ఎడమ పక్క ఏముందమ్మా, లంకెబిందెలా?" అని తిమ్మక్క అడిగింది. కాబట్టి కాలనీ అంతా మన ఇంటి పక్కే చూస్తాంది, నాకు కూర్చోక తప్పలేదు.

బుధవారం పొద్దున అమ్మ నీళ్ళకు పోయినప్పుడు పొయ్యి పక్కకు పోయి, మంచానికి ఆనుకుని కూర్చున్నా. అవ్వ మొహానికి నా మొహానికి జానెడు దూరం లేదు. ఊపిరి తగిలేంత. "అవ్వా" అన్నా. అవ్వ మొహం వెలిగింది. వెలిగి, అటు తిరిగింది. వాకిలి పక్కకు. "రూతమ్మా, వచ్చినావా? యాడుండావే?" అని ఖాళీ వాకిలిని అడిగింది. "ఈడనే ఉండా అవ్వా" అన్నా. ఆమె ఇంకా అటు తిరిగింది. వాకిలిని వెతికింది, ట్యూషను పిల్లల చాపను వెతికింది, గోడ మీద క్యాలెండరును కూడా చూసింది. "ఏమే, దాక్కున్నావా ముసలిదాన్ని ఆట పట్టించాలని?" అని నవ్వింది. నా మొహానికి చెంప చూపించి నవ్వింది.

నేను ఆ పక్కనే చాలాసేపు కూర్చున్నా. అంత దగ్గర కూర్చుని లేకుండా పోవడం ఎట్లుంటాదో అమ్మకు ఎనిమిది నెలల నుంచి తెలుసు. నీకు ఆ బ్యాగు పట్టుకున్న రోజు తెలిసింది. నాకు ఇప్పుడు తెలిసింది.

అమ్మ బిందెతో వచ్చింది. అప్పుడు నీ ఉత్తరం చదివి వినిపించినా. మొదట నమ్మలేదు. "అలక కాకుంటే ఒట్టి రొట్టె అని ఎందుకంటాది?" అనింది. పళ్ళెం తెచ్చి, అమ్మను వాకిలి పక్కకు పోయి పెట్టమన్నా. అమ్మ కాలు కదలదే! పొయ్యి పక్కనే నిలబడి చెయ్యి చాపుతాంది, అలవాటు కొద్దీ. నువ్వు చెప్పిన అద్దాలు గుర్తొచ్చినాయి, తీసేసినాక కూడా చెయ్యి తప్పుగా వేస్తాదన్నావే, అట్లా. నేనే భుజం పట్టి తిప్పినా, అంతలోకే అవ్వ నిద్రపోయింది.

కానీ అమ్మ పొద్దంతా వాకిలి కాడ ఎట్లా కూర్చుంటాది? వంట ఎవరు చేస్తారు? ఆ ఇరుకులో పొయ్యి జరపలేము. మంచమే తిప్పాల. తిప్పితే తల ఉత్తరానికి వస్తాది.

నిన్న నాయన ఆదోని నుంచి వచ్చినాడు. విని, తల గోక్కున్నాడు. తిమ్మక్క అయితే వాకిట్లో నిలబడి ఒకటే అరుపు. "బతికున్న మనిషికి ఉత్తరం తల పెడతారా? మీరు యే దేవునికి మొక్కితే ఏమి, దిక్కులు అందరికీ ఒకటే గదా!" నాయన మెత్తబడినాడు, "ఎందుకులే, ఆమె చెప్పేదీ నిజమే" అన్నాడు. అప్పుడు మన అమ్మ, ఎప్పుడూ నోరెత్తని అమ్మ, చీర కొంగు బిగించి వచ్చింది. "తిమ్మక్కా, గాలివానలో పడవ మునిగిపోతాంటే యేసయ్య నిద్రపోయినాడు గదా, అప్పుడు ఆయన తల యే దిక్కుకుండె? చెప్పు, అట్లే పెడతాం." తిమ్మక్క నోట్లో వక్కపలుకు అట్లే ఉండిపోయింది. "ఆ మూల పట్టుకోమ్మే రూతూ" అనింది అమ్మ.

నేనే పట్టుకున్నా జ్యోత్స్నా. నాయన తల పక్క, అమ్మ కాళ్ళ పక్క, నేను వాకిలి కాడనే నిలబడి నా ముందరికి వచ్చిన మూలనల్లా పట్టి తోస్తాండా. మంచం తిరిగే కొద్దీ నా పక్క అవ్వకు ఎడమ పక్క అయితాందని తెలుసు. అవ్వ నన్నే చూస్తాంది, "యాడికి తీసుకపోతాండారే నన్ను, పంపించేస్తాండారా?" అని. "యాడికీ లేదు అవ్వా" అన్నా. అవ్వ కళ్ళు నా మీద ఉండాయి, ఉండాయి, తర్వాత లేవు. చెయ్యి వదిలెయ్యాలనిపించింది. వదల్లేదు.

మంచం నిలిచింది. అవ్వ కళ్ళు తిరిగి తిరిగి పొయ్యి కాడ ఆగినాయి. అమ్మ ఆడ గుడ్డ పట్టుకుని నిలబడి ఉండాది, పరీక్ష ఫలితం కోసం నిలబడినట్టు.

"ఎప్పుడొచ్చినావే దానమ్మా?" అనింది అవ్వ. "మిరపకాయలకు పోతే ఇన్నాళ్ళా? మనిషివి సగం అయినావు."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. "ఇప్పుడే వచ్చినా అత్తా" అనింది.

ఆ నీలం చీర చూపిస్తే అవ్వ చేత్తో తడిమి, ఖరీదు అడిగి, మోసపోయినావని తిట్టింది. అమ్మ తిట్లన్నీ వింటా రొట్టె తుంచి పెట్టింది. అవ్వ తినింది. మూడో ముద్దకు అడిగింది, "రూతు యాడ?"

అమ్మ నా పక్క చూసింది. నేను అవ్వకు జానెడు దూరంలోనే, వాకిలి కాడ, నా ఎప్పటి చోటులోనే ఉండా. నోటి మీద వేలు పెట్టుకున్నా. అమ్మకు ఏం చెప్పాలో తోచక, "తిరుపతికి పోయింది అత్తా, చదువుకు" అనేసింది.

ఏడుస్తాదనుకున్నా. కూడు మానేస్తాదనుకున్నా. నిజం చెప్తాండాను, మానెయ్యాలని కోరుకున్నా కూడా.

అవ్వ ముద్ద నమిలి మింగి, "పోనీలే, మంచిదే," అనింది. "నువ్వుండావు గదా. చట్నీ ఇంకొంచెం వెయ్యి."

జ్యోత్స్నా, ఆ మాటకు అమ్మ మీద నాకు పుట్టిన కుళ్ళు ఉందే, నీ మీద పుట్టింది దాంట్లో పావలా వంతు కూడా కాదు. కాబట్టి నీ మీద తగ్గిందని సంబరపడొద్దు, ఎక్కువ భాగం అమ్మకు మార్చినా, అంతే.

అమ్మ జూన్ గుంపుతో పోవడం లేదు. నాయన ఆ మాట గుంపు మేస్త్రీకి చెప్పేసినాడు. ఈ రోజు నేను వాకిలి కాడ కూర్చుని ఫోనులో దరఖాస్తు పూర్తి చేసి పంపించినా. గడువు రేపు. నేను పంపించినప్పుడు అవ్వ పక్కనే ఉండాది, అటు తిరిగి అమ్మతో పోయినేటి శెనగల రేటు మాట్లాడతాంది. నిన్నటి నుంచి పూటపూటకూ కొంచేపు ఈడనే, మాట్లాడకుండా కూర్చుంటాండాను. తిరుపతికి పోయినాక ఎట్లా ఉండాలో ఇంట్లోనే నేర్చుకుంటాండాను. తర్వాత లేచి, చుట్టూ తిరిగి పొయ్యి పక్కకు పోతా. "వచ్చినావా రూతమ్మా, చదువు అయిపోయిందా?" అంటాది. అయిపోలేదు అవ్వా, మళ్ళీ పోవాల అంటా.

ఆడ అందరి ముందర లేచి తప్పని చెప్తానన్నావు గదా. అవసరం లేదు. వచ్చేటప్పుడు బోర్డు మీద ఆ పళ్ళెం బొమ్మ ఫోటో తీసుకొని రా, ఫోను ఇచ్చినాక. పేరు సరిగ్గా రాసినారో లేదో చూడాల.

బస్సు దిగి ఇంట్లోకి రాగానే నేరుగా పొయ్యి పక్కకు పో, బ్యాగుతోనే. పేరు పెట్టి పిలుస్తాది. నేను వాకిలి కాడ ఉంటా.

ఎడమ పక్క నుంచి,
మీ అక్క